రాత్రిళ్లు కాళ్లు లాగేస్తుంటే ఏం చేయాలి: రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్‌కు సమగ్ర మార్గదర్శి

పగలంతా బాగానే ఉంటుంది. రాత్రి పడుకోగానే మోకాళ్ల కింద, పిక్కల లోపల ఏదో మొదలవుతుంది. కొందరు కాళ్లు లాగుతున్నాయంటారు, కొందరు పీకుతున్నాయంటారు. లోపల పురుగులు పాకుతున్నట్టుందని, జివ్వుజివ్వుమంటోందని చెప్పేవాళ్లూ ఉన్నారు. నొప్పి అందామంటే నొప్పి కాదు. కానీ కాలు కదపకుండా ఒక్క నిమిషం ఉండలేరు. లేచి హాల్లో నాలుగు అడుగులు వేస్తే పోతుంది, మళ్లీ మంచం ఎక్కితే మళ్లీ వస్తుంది. ఇలా ఒంటిగంట, రెండు అవుతుంది. పొద్దున ఆఫీసులో కళ్లు మూసుకుపోతుంటాయి.

ఈ జబ్బు పేరు రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్. విల్లిస్-ఎక్‌బామ్ జబ్బు అని కూడా అంటారు. ఇంగ్లండ్ వైద్యుడు థామస్ విల్లిస్ 1672లోనే దీని గురించి రాశాడు. స్వీడన్ న్యూరాలజిస్ట్ కార్ల్ ఆక్సెల్ ఎక్‌బామ్ 1945లో దీన్ని పూర్తిగా వర్ణించి ఈ పేరు పెట్టాడు. బెంగళూరు నగరవాసుల మీద చేసి 2007లో ప్రచురించిన ఒక సర్వేలో సుమారు 2 శాతం మందిలో ఇది కనిపించింది. ఆ లెక్కన మన బెంగళూరులో దీంతో నిద్ర పాడుచేసుకుంటున్నవాళ్లు లక్ష దాటుతారు. అందులో ఎక్కువమంది దీన్ని అలసట అనో, నరాల బలహీనత అనో, టెన్షన్ అనో అనుకుని ఊరుకుంటారు.

మా అమ్మకు ఉంది, నాకూ వచ్చింది. ఇది కుటుంబాల్లో నడిచే జబ్బే. దీనితో సంబంధమున్న కొన్ని జన్యువులను 2007లోనే గుర్తించారు. ఇన్నేళ్లుగా చూశాక నేను గట్టిగా చెప్పగలిగిన మాట ఒకటుంది. నిద్రమాత్ర అడగడానికి ముందు రెండు పనులు చేయాలి. ఒకటి, రక్తంలో ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చూపే ప్రోటీన్) ఎంతుందో అంకెతో సహా తెలుసుకోవాలి. రెండు, ఇప్పటికే వాడుతున్న మాత్రలన్నీ బయటపెట్టి చూడాలి. చాలామందికి సగం దారి అక్కడే దొరుకుతుంది. మిగతాది ఆ తర్వాత.

మొదట: ఇది అదేనా అని తేల్చుకోండి

దీన్ని పట్టించే స్కాన్ ఏదీ లేదు. మీరు చెప్పే మాటలను బట్టే డాక్టర్ నిర్ధారిస్తారు, కాబట్టి ఏం గమనించాలో ముందే తెలిసుండాలి. చూసేవి ఐదు విషయాలు. కాళ్లు కదపాలని ఆపుకోలేనంతగా అనిపించాలి. అది కూర్చున్నప్పుడో పడుకున్నప్పుడో మొదలవ్వాలి, లేదా పెరగాలి. కదిపితే, నడిస్తే, కనీసం ఆ నడిచినంతసేపైనా తగ్గాలి. పగటి కంటే సాయంత్రం, రాత్రి ఎక్కువగా ఉండాలి. చివరిగా, ఇవన్నీ వేరే జబ్బు వల్ల వచ్చినవి కాకూడదు.

ఎక్కువమంది పొరబడేది ఆ చివరి దగ్గరే. అర్ధరాత్రి పిక్క రాయిలా గట్టిపడి ప్రాణం పోయేంత నొప్పి వస్తే అది కండరం పట్టేయడం. చేత్తో తడిమితే ముడి తెలుస్తుంది. రెస్ట్‌లెస్ లెగ్స్‌లో కండరం మామూలుగానే ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్లకు అరికాళ్లలో మంటలు, తిమ్మిర్లు ఉండి, నడిచినా తగ్గకపోతే అది నరాలు దెబ్బతిన్నందువల్ల కావచ్చు. రెండూ కలిసి ఉండేవాళ్లూ ఉన్నారు. నడిస్తే నొప్పి వచ్చి, ఆగితే తగ్గుతుంటే సరిగ్గా దీనికి తిరగబడ్డ లక్షణం. అది రక్తనాళాల సమస్య కావచ్చు. కూర్చుని ఊరికే కాళ్లు ఊపడం, ఇంట్లో పెద్దవాళ్లు చూడగానే కసురుతారే, అది ఒట్టి అలవాటు. ఊపకపోతే లోపల బాధేమీ ఉండదు.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం వద్దు. ఒక కాలు మాత్రమే వాచి, ఎర్రబడి, వేడిగా, నొప్పిగా ఉంటే, ముఖ్యంగా దూరప్రయాణం చేశాక అలా అయితే, అది రక్తం గడ్డకట్టడం కావచ్చు. అదే రోజు ఎమర్జెన్సీకి వెళ్లాలి.

పక్కన పడుకునేవాళ్లను కూడా అడగండి. ఈ జబ్బున్న పదిమందిలో ఎనిమిదిమందికి నిద్రలో కాళ్లు వాటంతట అవే లయగా ఎగిరిపడుతుంటాయి. వాళ్లకు తెలియదు, పక్కవాళ్లకు తన్నులు తెలుస్తాయి. దీనికోసం రాత్రంతా ఆస్పత్రిలో పడుకుని స్లీప్ స్టడీ చేయించుకోవాల్సిన అవసరం మామూలుగా ఉండదు. గట్టి గురక, ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేవడం ఉంటే అప్పుడు చేయించాలి. ఎందుకంటే ఆ శ్వాస సమస్యకు వైద్యం చేస్తే కాళ్ల బాధ కూడా కొంత తగ్గొచ్చు.

ఒక వారం పాటు కాగితం మీద నోట్ చేసుకోండి: ఎన్నింటికి మొదలైంది, ఎక్కడ మొదలైంది, ఎంతసేపు ఉంది, ఆరోజు కాఫీ ఎన్ని, మాత్రలేవి. ఈ కాగితం డాక్టర్ దగ్గర పది నిమిషాల మాటల కంటే ఎక్కువ పని చేస్తుంది.

రెండో పని: ఫెరిటిన్ అంకె

ఈ జబ్బు కాళ్లలో కనిపించినా పుట్టేది మెదడులో. మెదడులోని కొన్ని భాగాలకు ఇనుము చాలినంత అందకపోవడం దీని మూలాల్లో ఒకటని చాలా పరిశోధనలు చూపించాయి. కదలికలను అదుపులో పెట్టే డోపమైన్ అనే రసాయనం మెదడులో తయారవడానికి ఇనుము కావాలి. పైగా రక్తంలో ఇనుము రోజంతా ఒకేలా ఉండదు, రాత్రికి తగ్గుతుంది. బాధ రాత్రికే ఎందుకు ముదురుతుందో అర్థం కావడానికి ఇది కొంత సాయపడుతుంది.

ఇక్కడ జరిగే పొరపాటు ఏమిటంటే, హిమోగ్లోబిన్ చూసి "రక్తం బాగానే ఉంది" అని పంపించేస్తారు. హిమోగ్లోబిన్ ఈ పూట గిన్నెలో ఉన్న అన్నమైతే, ఫెరిటిన్ గాదెలో ఉన్న ధాన్యం. గాదె అడుగంటినా ఈ పూట అన్నం ఉండొచ్చు. అందుకే హిమోగ్లోబిన్ 13 ఉన్నవాళ్లకు కూడా ఫెరిటిన్ 12 ఉండటం వింతేమీ కాదు.

రెండో పొరపాటు రిపోర్టులోనే ఉంటుంది. ఆడవాళ్లకు నార్మల్ అని చాలా ల్యాబులు వేసే కింది హద్దు 10, 15 దగ్గర ఉంటుంది. మీది 22 వస్తే కాగితం మీద నార్మల్. రెస్ట్‌లెస్ లెగ్స్ ఉన్నవాళ్లకు ఆ హద్దు పనికిరాదు. పెద్దవాళ్లలో ఫెరిటిన్ మిల్లీలీటరుకు 75 నానోగ్రాములు, అంతకంటే తక్కువ ఉన్నా, ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ (రక్తంలో ఇనుమును మోసే ప్రోటీన్ ఎంత శాతం నిండి ఉందో చూపే కొలత) 20 శాతం కంటే తక్కువ ఉన్నా ఇనుము ఇవ్వడం గురించి ఆలోచించాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2025లో ప్రచురించిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. 75 నుంచి 100 మధ్య ఉంటే నోటి మాత్రలతో పెద్దగా లాభం ఉండదు, నరంలోకి ఎక్కించే ఇనుము గురించి ఆలోచిస్తారు. కాబట్టి డాక్టర్ "నార్మలే" అంటే వినయంగానే అడగండి: "సార్, అంకె ఎంతండీ? ఈ జబ్బుకు 75 పైన ఉండాలంటారు కదా?"

టెస్టు ఎలా చేయించాలో కూడా ముఖ్యమే. పొద్దున్నే, ఏమీ తినకుండా వెళ్లండి. అంతకుముందు 24 గంటలు ఐరన్ మాత్ర, ఐరన్ ఉన్న మల్టీవిటమిన్ వేసుకోకండి. జ్వరం, గొంతునొప్పి, ఏదైనా ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు ఫెరిటిన్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, అందుకని తగ్గాక రెండు మూడు వారాలు ఆగి ఇవ్వండి. ఫెరిటిన్‌తో పాటు సీరం ఐరన్, టీఐబీసీ (రక్తం మొత్తం ఎంత ఇనుమును మోయగలదో చూపేది), ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ కలిపి ఐరన్ ప్రొఫైల్ అని అడగండి. అదే రక్తంతో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూపేది), షుగర్, బీ12, థైరాయిడ్ కూడా చూపించుకోవడం మంచిది. ఫెరిటిన్ ఒక్కటే అయితే బెంగళూరులో చాలా ప్రైవేటు ల్యాబుల్లో వెయ్యి రూపాయల లోపే అయిపోతుంది. ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లేవాళ్లు మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ లాంటి చోట్ల ఎప్పుడూ దొరుకుతారు.

తక్కువ వచ్చిందంటే, ఎందుకు తగ్గిందన్న ప్రశ్న వదలకండి. నెలసరిలో రక్తం ఎక్కువ పోవడం ఆడవాళ్లలో ముఖ్యమైన కారణం. మా అమ్మ తరం దాన్ని ఎవరికీ చెప్పుకోకుండా ఏళ్లకేళ్లు భరించింది. మీరు గైనకాలజిస్ట్‌కు చెప్పండి. మొలలు, కడుపులో పుండ్లు, తరచూ రక్తదానం చేయడం కూడా కారణాలే. మగవాళ్లకు, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లకు ఇనుము తగ్గితే పేగుల్లో ఎక్కడైనా రక్తం పోతోందేమో తప్పనిసరిగా చూపించాలి. ఐరన్ మాత్ర వేసుకుని ఆ ప్రశ్న మర్చిపోవడం ప్రమాదం.

మూడో పని: మాత్రల డబ్బా బోర్లించండి

ఇంట్లో వాడే మందులన్నీ, అప్పుడప్పుడూ వేసుకునే జలుబు మాత్రతో సహా, టేబుల్ మీద పెట్టండి. స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో ఉన్న అసలు మందు పేర్లు చదవండి. ఈ జబ్బును పెంచే మందులు మన ఇళ్లలో చాలా మామూలుగా ఉంటాయి.

మొదటి గుంపు మగత తెప్పించే అలర్జీ, జలుబు మందులు. బెంగళూరు గాలికి తుమ్ములు, డస్ట్ అలర్జీ లేని ఇల్లు తక్కువ. క్లోర్‌ఫెనిరమైన్, డైఫెన్‌హైడ్రమైన్, హైడ్రాక్సిజైన్, అవిల్‌లో ఉండే ఫెనిరమైన్, ప్రయాణానికి ముందు వేసుకునే అవోమిన్‌లోని ప్రొమెథజైన్, ఇవన్నీ కాళ్ల బాధను పెంచగలవు. నిద్ర పట్టడం లేదని ఇవే వేసుకునేవాళ్లున్నారు. మగత వస్తుంది, కాళ్లు ఇంకా లాగుతాయి, ఆ రాత్రి నరకమే. అలర్జీకి ఫెక్సోఫెనడైన్ లాంటి మగత లేని మందో, ముక్కులో కొట్టుకునే స్ప్రేనో సరిపోతుందేమో డాక్టర్‌ను అడగండి.

రెండో గుంపు వాంతులు, గ్యాస్, కళ్లు తిరగడానికి ఇచ్చేవి. పెరినార్మ్‌లో ఉండే మెటోక్లోప్రమైడ్, స్టెమెటిల్‌లో ఉండే ప్రొక్లోర్‌పెరజైన్ మెదడులో డోపమైన్‌ను అడ్డుకుంటాయి. మన దగ్గర గ్యాస్ మాత్రల్లో రాబెప్రజోల్‌తో లెవోసల్పిరైడ్ కలిపి అమ్మడం మరీ మామూలు. అది కూడా ఆ జాతి మందే. చాలామంది దాన్ని "గ్యాస్ బిళ్ల" అనుకుని నెలల తరబడి మింగుతుంటారు. పైగా ఆమ్లాన్ని తగ్గించే మాత్రలు ఎక్కువకాలం వాడితే తిండిలోని ఇనుము ఒంటికి పట్టడం తగ్గుతుంది. కళ్లు తిరగడానికీ మైగ్రేన్‌కూ ఇచ్చే ఫ్లునారిజైన్, సిన్నారిజైన్‌లకు కూడా డోపమైన్‌ను అడ్డుకునే గుణం ఉంది.

మూడో గుంపు డిప్రెషన్, ఆందోళన మందులు. ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్, వెన్లఫాక్సిన్, అమిట్రిప్టిలిన్, మిర్టజపైన్ కొందరిలో బాధను మొదలుపెడతాయి లేదా పెంచుతాయి. వీటిని మీ అంతట మీరు ఆపకండి. హఠాత్తుగా ఆపితే వచ్చే ఇబ్బంది కాళ్ల లాగుడు కంటే పెద్దది. రాసిచ్చిన సైకియాట్రిస్ట్‌కు చెప్పండి, బుప్రోపియాన్ లాంటి మందుకు మార్చే వీలు ఉందేమో వాళ్లే చూస్తారు. మనసు బాగోలేకపోవడం ముందు, కాళ్లు తర్వాత.

ఇంకొకటి ప్రత్యేకంగా చెప్పాలి. నరాల నొప్పికి మన దగ్గర గబాపెంటిన్‌తోనో ప్రిగాబలిన్‌తోనో నార్‌ట్రిప్టిలిన్ కలిపిన మాత్ర చాలా ఎక్కువగా రాస్తారు. స్ట్రిప్ పేరు చివర ఎన్‌టీ అని ఉంటుంది తరచూ. ఒకటి ఈ జబ్బుకు మందు, రెండోది దాన్ని పెంచే గుణమున్న మందు. మాత్ర వేసుకున్నా లాభం కనిపించకపోతే కాంబినేషన్ లేనిది ఇవ్వమని అడగండి.

నాలుగో పని: ఇనుము నింపడం

డాక్టర్ మాత్ర రాస్తే వేసుకునే పద్ధతిలోనే సగం ఫలితం ఉంది. మన మెడికల్ షాపుల్లో ఎక్కువగా దొరికేవి 100 మిల్లీగ్రాముల ఇనుముతో ఉండే ఫెర్రస్ ఆస్కార్బేట్ మాత్రలు. రోజుకు ఒకటి చాలు. రోజు విడిచి రోజు వేసుకున్నా ఒంటికి బాగా పడుతుంది. ఎందుకంటే ఒక మోతాదు వేసుకోగానే హెప్సిడిన్ అనే హార్మోన్ పెరిగి దాదాపు ఒకరోజు పాటు మరింత ఇనుము లోపలికి రాకుండా అడ్డుకుంటుంది. రెండు వేసుకుంటే రెట్టింపు లాభం అనుకోకండి, మలబద్ధకం మాత్రం రెట్టింపవుతుంది.

ఖాళీ కడుపుతో, నిమ్మరసం నీళ్లతోనో, జామకాయ ముక్కతోనో వేసుకోండి. కాఫీ, టీ, పాలు, క్యాల్షియం మాత్ర దగ్గర్లో ఉండకూడదు, కనీసం ఒకటి రెండు గంటల దూరం ఉండాలి. థైరాయిడ్ మాత్రకూ దీనికీ నాలుగు గంటల తేడా ఉంచండి. లేవగానే కాఫీ తాగనిదే పని మొదలవని ఇళ్లలో పొద్దున ఇది కుదరదు. సాయంత్రం ఆరింటికి వేసుకోవడం తేలిక. విరేచనం నల్లగా వస్తుంది, భయపడకండి. మాత్రలు పిల్లలకు అందని చోట పెట్టండి, ఐరన్ మాత్రలు ఎక్కువ మింగితే చిన్నపిల్లల ప్రాణానికే ముప్పు. టెస్టు చేయించకుండా ఎవరూ మొదలుపెట్టకూడదు. కొందరికి ఒంట్లో ఇనుము పేరుకుపోయే జబ్బు ఉంటుంది.

మూడు నెలలకు మళ్లీ ఫెరిటిన్ చూస్తారు. మార్పు మెల్లగా వస్తుంది కాబట్టి రెండు వారాలకే పనిచేయట్లేదని వదిలేయకండి.

మాత్రలు పడకపోయినా, పట్టకపోయినా, బాధ తీవ్రంగా ఉన్నా ఫెర్రిక్ కార్బాక్సిమాల్టోజ్ అనే మందును సెలైన్‌లా నరంలోకి ఎక్కిస్తారు. ఈ జబ్బుకు గట్టి ఆధారాలున్న వైద్యం ఇది. మామూలుగా 1000 మిల్లీగ్రాములు ఇస్తారు, ఎక్కించడానికి పావుగంట, ఆ తర్వాత గమనించడానికి అరగంట పడుతుంది. ఖర్చు కొన్ని వేలు. ఫలితం కనిపించడానికి నాలుగు నుంచి పన్నెండు వారాలు పట్టొచ్చు. అరుదుగా అలర్జీ రావచ్చు, కొందరిలో రక్తంలో ఫాస్ఫేట్ తగ్గుతుంది. అందుకని ఇది ఆస్పత్రిలోనే చేయించుకోవాలి, ఇంటికొచ్చి సెలైన్ పెట్టేవాళ్లతో వద్దు.

తిండి సంగతి. మాంసం, లివర్‌లోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. ఆకుకూరలు, పప్పులు, నువ్వులు తినేటప్పుడు పక్కన నిమ్మకాయో ఉసిరి పచ్చడో ఉండాలి. రాగిసంకటి మంచిదే, కానీ అందులో గొప్ప క్యాల్షియం, ఇనుము ఓ మోస్తరే. బెల్లం మీద అంత ఆశ పెట్టుకోకండి. అడుగంటిన గాదెను తిండితో మాత్రమే నింపడం చాలా కష్టం, మాత్ర అవసరమైతే వేసుకోవాల్సిందే.

ఐదో పని: సాయంత్రం నుంచి నిద్ర దాకా

కాఫీ, టీ మధ్యాహ్నం తర్వాత మానేసి రెండు వారాలు చూడండి. ఆంధ్రా మెస్‌లో భోజనం అయ్యాక దర్శిని హోటల్ ముందు నిలబడి తాగే ఆ ఫిల్టర్ కాఫీ వదలడం ఎంత కష్టమో నాకు తెలుసు. అందరికీ కాఫీ పడకపోవడం ఉండదు, కానీ మీకు పడుతుందో లేదో మానేస్తే తప్ప తెలియదు. మద్యం, సిగరెట్ల విషయంలో అంత పరీక్ష అక్కర్లేదు, మానేయడమే. మద్యం నిద్ర పట్టిస్తుందనిపించినా అర్ధరాత్రి తర్వాత కాళ్లను ఇంకా లేపుతుంది.

రోజూ ఓ మోస్తరు వ్యాయామం, నడక, పిక్కలు తొడలు సాగదీయడం పనిచేస్తాయి. రాత్రి పదింటికి జిమ్‌లో కాళ్ల మీద బరువులు ఎత్తితే మాత్రం కొందరికి ఎక్కువవుతుంది. పడుకునే ముందు గోరువెచ్చని నీళ్లలో కాళ్లు పెట్టడం, పిక్కలు గట్టిగా పిసకడం చేయండి. కొందరికి చల్లటి నీళ్లు పడతాయి, ఏది పడితే అది. ఇంకో సంగతి, మెదడును దేనిలోనైనా ముంచితే బాధ తగ్గుతుంది: సుడోకు, చదరంగం, చేతిపని, ఆసక్తిగా సాగే మాటలు. టీవీ ముందు ఊరికే కూర్చోవడం దానికి సరిపోదు. నిద్ర తక్కువైన కొద్దీ మర్నాడు బాధ ఎక్కువవుతుంది కాబట్టి నిద్రవేళలు కదపకండి.

రాత్రి షిఫ్టుల వాళ్లకు ఒక మాట. ఈ జబ్బు ఒంట్లోని గడియారాన్ని బట్టి నడుస్తుంది. సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాటేదాకా ఎక్కువ, తెల్లవారుజామున, పొద్దున తక్కువ. అమెరికా క్లయింట్‌తో రాత్రి తొమ్మిదింటి కాల్‌లో కదలకుండా కూర్చోవడమే మీకు అన్నిటికంటే కష్టమైన సమయం. ఆ కాల్స్ నిలబడో, నడుస్తూనో మాట్లాడండి. ఎత్తు పెంచుకునే టేబుల్ కావాలని మేనేజర్‌కు డాక్టర్ చీటీతో అడగండి, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఔటర్ రింగ్ రోడ్డు మీద సాయంత్రం క్యాబ్‌లో ఇరుక్కోవడం కూడా అలాంటిదే. వీలుంటే తొందరగా బయల్దేరండి, లేదా నిలబడి వెళ్లే మెట్రో మేలు.

శుక్రవారం రాత్రి మడివాళలో ఎక్కి విజయవాడకో హైదరాబాద్‌కో వెళ్లే స్లీపర్ బస్సు ఈ జబ్బున్నవాళ్లకు పెద్ద శిక్ష. పై బెర్తులో కాలు చాచే చోటు కూడా ఉండదు, దిగి నడిచే వీలు లేదు. రైలు దొరికితే రైలే ఎంచుకోండి, పెట్టెలో అటూ ఇటూ నడవొచ్చు. టికెట్ దొరకకపోతే పగటి ప్రయాణం పెట్టుకోండి. బస్సే తప్పకపోతే కింది బెర్తు తీసుకుని, ఆగిన ప్రతిచోటా దిగి నడవండి. ప్రయాణం మాత్ర పేరుతో అవోమిన్ మాత్రం వేసుకోకండి.

ఆరో పని: డాక్టర్ దగ్గర

వారంలో రెండు మూడు రాత్రులకు మించి నిద్ర పాడవుతుంటే న్యూరాలజిస్ట్‌ను కలవండి. అంత తరచుగా లేకపోతే ఫ్యామిలీ డాక్టర్ చాలు. బెంగళూరులో ప్రభుత్వ రంగంలో హోసూరు రోడ్డు మీది నిమ్హాన్స్ ఉంది. న్యూరాలజీకి దేశంలోనే పేరున్న సంస్థ, ఖర్చు ప్రైవేటు కంటే చాలా తక్కువ. క్యూ పొడవుగా ఉంటుంది, పొద్దున్నే వెళ్లండి. భాష గురించి బెంగ వద్దు, ఈ ఊళ్లో తెలుగు మాట్లాడే డాక్టర్లు, నర్సులు తగులుతూనే ఉంటారు.

వెళ్లేటప్పుడు నోట్ చేసుకున్న కాగితం, ఐరన్ ప్రొఫైల్ రిపోర్టు, స్ట్రిప్‌లన్నీ పట్టుకెళ్లండి. "నిద్ర పట్టడం లేదు" అని మొదలుపెడితే నిద్రమాత్ర వస్తుంది. "పడుకుంటే కాళ్లు కదపకుండా ఉండలేకపోతున్నాను, నడిస్తే తగ్గుతోంది, రాత్రిళ్లే ఎక్కువ" అని మొదలుపెట్టండి. కుటుంబంలో ఎవరికైనా ఉంటే చెప్పండి. మగవాళ్లు దీన్ని చిన్న విషయంగా చెప్పడం నేను చాలా చూశాను. అలా తగ్గించి చెప్పకండి. మీ నిద్ర ఎంత పోతోందో ఉన్నదున్నట్టు చెప్పండి.

నిద్ర లేక బతకడం ఎందుకు అనిపించేంత దాకా వచ్చిందంటే వెంటనే చెప్పాలి. ఇది డిప్రెషన్‌తో కలిసి వచ్చే జబ్బు. టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు.

ఏడో పని: మందులు, వాటి రెండో ముఖం

ఇనుము నింపాక, పెంచే మందులు మార్చాక కూడా బాధ మిగిలితే ఇప్పుడు మొదట వాడేవి గబాపెంటిన్, ప్రిగాబలిన్. 2025 మార్గదర్శకాలు వీటినే ముందు పెట్టాయి. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, బాధ మొదలయ్యే వేళకు గంటా రెండు గంటల ముందు వేసుకోమంటారు. మగత, కళ్లు తిరగడం, పాదాలు వాయడం, బరువు పెరగడం ఉండొచ్చు. పెద్దవయసువాళ్లు రాత్రి బాత్రూమ్‌కు లేచేటప్పుడు పడిపోకుండా జాగ్రత్త. కిడ్నీ సరిగా లేకపోతే మోతాదు తగ్గించాలి. మద్యంతో కలపకూడదు, ఉన్నట్టుండి ఆపకూడదు. చీటీ లేకుండా షాపులో అడిగి వాడకండి.

ప్రామిపెక్సోల్, రోపినిరోల్ అనే మందుల గురించి తెలిసుండటం అంతకంటే ముఖ్యం. ఇవి డోపమైన్‌లా పనిచేస్తాయి. రోపినిరోల్‌కు 2005లో, ప్రామిపెక్సోల్‌కు 2006లో అమెరికాలో ఈ జబ్బుకు అనుమతి వచ్చింది, చాలా ఏళ్లు వీటినే మొదట రాసేవారు. వేసుకున్న మొదటి రాత్రే హాయిగా నిద్ర పడుతుంది. కష్టమంతా నెలలు, ఏళ్లు గడిచాక మొదలవుతుంది. రాత్రి పదింటికి వచ్చే బాధ ఆరింటికే, ఆ తర్వాత మధ్యాహ్నమే వస్తుంది. చేతులకు పాకుతుంది. మోతాదు పెంచితే కొన్నాళ్లు తగ్గి మళ్లీ ముదురుతుంది. మందే జబ్బును పెంచే ఈ స్థితిని ఆగ్మెంటేషన్ అంటారు. లెవోడోపాతో ఇది ఇంకా త్వరగా వస్తుంది. అందుకే ఇప్పుడు వీటిని మామూలుగా మొదటి మందుగా వాడొద్దంటున్నారు. ఇంకో ప్రమాదం, కొందరిలో జూదం, అదుపులేని షాపింగ్ లాంటి కోరికలు పుడతాయి. ఫోన్లో రమ్మీ ఆడే అలవాటున్నవాళ్లకు ఈ మందు రాస్తే ఇంట్లోవాళ్లకు ఈ సంగతి తెలిసి ఉండాలి. ఇప్పటికే వాడుతూ ఈ లక్షణాలు కనిపిస్తే, మోతాదు పెంచమని అడగకుండా న్యూరాలజిస్ట్‌తో మెల్లగా తగ్గించుకునే ప్రణాళిక వేయించుకోండి. ఒక్కసారిగా ఆపితే కొన్ని రాత్రులు భరించలేనంతగా ఉంటుంది.

వీటన్నిటికీ లొంగని బాధకు తక్కువ మోతాదు ఓపియాయిడ్ (నల్లమందు జాతి) మందులున్నాయి, అది పూర్తిగా నిపుణుల చేతిలోని పని. మెగ్నీషియం గురించి అడిగేవాళ్లు చాలామంది. ఆధారం బలహీనం. కిడ్నీలు బాగున్నవాళ్లకు మామూలు మోతాదులో పెద్ద నష్టం ఉండదు, కానీ ఫెరిటిన్ టెస్టుకు పెట్టాల్సిన డబ్బు దానికి పెట్టకండి. బీ12 తక్కువుంటే దాన్ని సరిచేయాలి, ఎక్కువుంటే ఇంజెక్షన్లు పొడిపించుకోనక్కర్లేదు.

గర్భిణులు, డయాలసిస్, పిల్లలు

గర్భంతో ఉన్నప్పుడు సుమారు ఐదుగురిలో ఒకరికి ఇది వస్తుంది, ఏడో నెల తర్వాత ఎక్కువ. కాన్పు అయ్యాక చాలామందికి కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. ఇనుము సరిచేయడమే ప్రధాన వైద్యం. మొదటి మూడు నెలలు దాటాక అవసరమైతే నరంలోకి ఎక్కిస్తారు. వేవిళ్లకు ఇచ్చే డాక్సిలమైన్ కూడా మగత తెప్పించే అలర్జీ మందుల జాతిదే, దాంతో కాళ్ల బాధ పెరిగితే గైనకాలజిస్ట్‌కు చెప్పండి.

కిడ్నీ పాడై డయాలసిస్‌లో ఉన్నవాళ్లలో ఇది చాలా ఎక్కువ. నాలుగు గంటలు కదలకుండా పడుకోవడం వాళ్లకు నిజంగా హింస. డయాలసిస్ సమయంలోనే పడుకుని తొక్కే పెడల్ వ్యాయామం మేలు చేస్తుంది. పొద్దుటి షిఫ్టు అడగండి.

పిల్లలు రాత్రిళ్లు కాళ్లు నొక్కమని ఏడుస్తుంటే ఎదిగే వయసు నొప్పులని తోసేయకండి, ముఖ్యంగా అమ్మకో నాన్నకో ఈ జబ్బు ఉంటే. పిల్లల్లో ఫెరిటిన్ 50 కంటే తక్కువ ఉంటే ఐరన్ ఇవ్వడం గురించి పిల్లల డాక్టర్‌తో మాట్లాడాలి.

ఆ తర్వాత

ఐరన్ మొదలుపెట్టిన మూడు నెలలకు ఒకసారి, అంకె 100 దాటి నిలబడ్డాక ఏడాదికి ఒకసారి ఫెరిటిన్ చూపించుకుంటూ ఉండండి. కారణం అలాగే ఉంటే ఇనుము మళ్లీ పడిపోతుంది. తగ్గిన బాధ ఉన్నట్టుండి పెరిగితే ముందు ఈ మూడు చూడండి: కొత్తగా ఏ మందైనా మొదలైందా, ఫెరిటిన్ దిగిందా, నిద్ర తగ్గిందా. ఆపరేషన్‌కు వెళ్తుంటే మత్తు డాక్టర్‌కు ఈ జబ్బు ఉందని ముందే చెప్పండి. ఆపరేషన్ తర్వాత వాంతులకు మెటోక్లోప్రమైడ్ బదులు ఆన్‌డాన్‌సెట్రాన్ ఇవ్వమని కేస్ షీట్ మీద రాయించండి.